గాజుకన్ను దొరకు నేను చేసిన బైండింగు

పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందని సామెత. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు దీన్ని పక్కవాణ్ణి ఎక్కిరించడానికి వాడతారు. నాలాంటి రిటైరైనవాడు సర్వీసు పుస్తకంలో రాయించుకోవాలి. నేను కూల్చిన పందిరి ఒక పిల్లల బొమ్మల కథల పుస్తకం. అందులో పనిమంతుణ్ణీ నేనే, కుక్కనూ నేనే.

ఇందులో ఎవరి పేర్లూ రాయను. బతికున్నవాళ్లు కోప్పడతారు. పోయినవాళ్ల పిల్లలు ఇంకా ఎక్కువ కోప్పడతారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు ఆగే చోటుకు వెనక, సందుల్లో ఉన్న ఒక గ్రంథాలయంలో నేను బైండర్ని. చుట్టుపక్కల అయిదారు శాఖల్లో చిరిగిన పుస్తకాలన్నీ నా గదికే వచ్చేవి. మా గ్రంథాలయంలో కుర్చీ ఖాళీ ఉండేది కాదు. ఎంత చదువరులో అనుకోకండి. వాళ్లంతా సర్కారు కొలువుల పరీక్షలకు కోచింగు తీసుకునే పిల్లలు. పుస్తకాలు వాళ్లవే తెచ్చుకుని, మా ఫ్యాను కింద కూర్చుని, మా నీళ్లు తాగి, మా ప్లగ్గులో ఫోన్లు పెట్టుకుని చదువుకునేవారు. మా బీరువాల్లోని పుస్తకాలు వాళ్లను చూస్తూ కూర్చునేవి. ఎవరూ తాకని ఆ పుస్తకాలకు నేను గట్టి అట్టలు వేసేవాణ్ణి. ఎవరూ తాకరు కాబట్టి నా బైండింగు ఏళ్ల తరబడి చెక్కుచెదిరేది కాదు. మనవాడి చేతిపని ఇనుమని పై అధికారుల దగ్గర నాకు పేరు కూడా వచ్చింది.

ఆ పని ఎట్లా ఉంటుందో కొంచెం చెప్పాలి, లేకపోతే నా ఘనకార్యం మీకు అర్థం కాదు. పుస్తకం చేతికి రాగానే ముందు పాత పిన్నులు పీకేస్తాం. సూదీ దారంతో కుడతాం. తర్వాత కటింగు మిషన్లో బిగించి, పిడి కిందికి లాగి, మూడు వైపులా అంచులు కోస్తాం. ఆపైన అట్టలు, వెన్నుకు కాలికో గుడ్డ, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురు. అందమంతా ఆ కోతలో ఉంటుంది. నలిగిన అంచులు పోయి పుస్తకం అప్పుడే క్షవరం చేయించుకున్న పిల్లాడిలా తేటగా కనిపిస్తుంది.

మా దగ్గరికి రోజూ తలుపు తీయగానే వచ్చే పెద్దాయన ఒకరుండేవారు. పోచంపల్లి పక్క పల్లెలో మగ్గం నేసే కుటుంబం. ఎల్బీనగర్‌లో కూతురి దగ్గర ఉండేవారు. అల్లుడికి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరెల దుకాణం. పొద్దున అల్లుడి బండి మీద వచ్చి మా దగ్గర దిగి, రెండు పేపర్లు అక్షరం వదలకుండా చదివి, మధ్యాహ్నం అన్నం వేళకు వెళ్లిపోయేవారు. మాట తక్కువ. ఒక్కటే అలవాటు, పేపర్లో కార్టూను కనిపిస్తే ఊరుకునేవారు కాదు.

“గీ చెయ్యి చూడు తమ్మీ, మోచెయ్యే లేదు. గీసినోనికి గీ నెల జీతం ఆపాలె,” అనేవారు.

“మీకెట్ల తెలుస్తది సార్?” అంటే, “ఊకెనే,” అని పేజీ తిప్పేసేవారు. నేనూ అంతటితో వదిలేసేవాణ్ణి. మనిషిని అడగాల్సినవి అడగకపోవడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు.

నేను రిటైరయ్యే ఏడాది, మామిడిపళ్ల రోజులు. పెద్దాయన ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పుస్తకం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. చూడగానే గది కిటికీ మూసి ఉందో లేదో చూసుకున్నాను. అట్ట మీద గాజుకన్ను దొర!

మీకు తెలియదులెండి. మా చిన్నప్పుడు ఒక పిల్లల పత్రిక బొమ్మల కథలు వేసేది. అందులో దుర్మార్గుడు ఈ దొర. భుజాన గళ్ల శాలువా, చేతిలో వెండిపొన్ను కర్ర, ఒక కన్ను గాజుది. పడుకునే ముందు ఆ గాజుకన్ను తీసి గడీ కిటికీలో పెడతాడు. ఆయన నిద్రపోతాడు గానీ కన్ను ఊరిని కాపలా కాస్తూనే ఉంటుంది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర మా ఊళ్లో, చీకటి పడితే కిటికీ తలుపులు మూసేదాకా నేను అన్నం తినేవాణ్ణి కాదు. ఆ కథల్లో ఒక ధైర్యవంతుడైన బాలుడు కూడా ఉండేవాడు, హీరో. వాడి పేరు ఇప్పుడు గుర్తులేదు. నిజం చెప్పాలంటే అప్పుడూ గుర్తులేదు.

“పిన్నులు తుప్పు వట్టినయి తమ్మీ. నడిమి కాయితం ఊసొస్తున్నది. జర పైలంగ చూడు,” అన్నారు పెద్దాయన. “ఊర్ల పనుంది, పదిరోజులల్ల ఒస్త. ఒచ్చినంక దీనితోని నాకు పెద్ద పనున్నది.”

“ఏం పని సార్?”

“ఒచ్చినంక చెప్త.”

పైలంగా, జాగ్రత్తగా అంటే ఏం చేయమన్నారో నేనడగలేదు. పనిమంతుడు అడగడు, అర్థం చేసుకుంటాడు. పదకొండేళ్లుగా రోజూ కనిపించే మనిషి, నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క పని. నా సర్వీసులో అంత ప్రేమతో ఏ పుస్తకాన్నీ ముట్టుకోలేదు. తుప్పు పిన్నులు ఒక్కొక్కటే పీకి పారేశాను. మెరిసే దారంతో కుట్టాను. ముందు అట్టనూ వెనక అట్టనూ దళసరి అట్టలకు అతికాను. మిషన్లో బిగించి మూడు వైపులా కోశాను. అంచు మీద వేలు పెడితే జారిపోవాలి, అంత నునుపు. ముందూ వెనకా ఖాళీగా తెల్లకాగితాలు కూడా చేర్చాను. పుస్తకాన్ని బరువు కింద పెట్టి ఇంటికి పోతుంటే, నా ఉద్యోగం ఇంతకన్నా మంచి పనితో ముగియదని గర్వంగా అనిపించింది. అది మాత్రం సరిగ్గానే అనుకున్నాను. అంతకన్నా మంచి పని నేనెప్పుడూ చేయలేదు.

అయిదో రోజు ఒక యువకుడు వచ్చాడు. గచ్చిబౌలి వైపు ఏదో కంప్యూటర్ ఉద్యోగం. పాత బొమ్మల పుస్తకాలు పోగుచేయడం పిచ్చి. మా లైబ్రేరియన్ మేడమ్ ముందు కూర్చుని బ్యాగులోంచి తెల్ల గ్లౌజులు తీసి తొడుక్కుంటుంటే, ఆమె కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. మేడమ్‌ది కృష్ణా జిల్లా. ఎన్నేళ్లు ఎల్బీనగర్‌లో ఉన్నా ఆమె భాష హైదరాబాదుకు ఒక్క అక్షరం కూడా లొంగలేదు.

“ఏవిటండీ ఇది? ఆపరేషనా?” అన్నారు.

అతనికి కావలసింది గాజుకన్ను దొర మొదటిసారి కనిపించిన సంచిక. మా దగ్గర ఆ ఏడాది సంచికలన్నీ కలిపి కట్టిన వాల్యూమ్ ఉంది. తెచ్చి ఇచ్చాను. పెద్దాయన తెచ్చింది కూడా అదే సంచికని అప్పుడే తెలిసింది నాకు. అతను వాల్యూమ్‌ను బల్ల మీద పెట్టి, అంచులు చూసి, కుట్టు చూసి, పేజీల మీద మా గుండ్రటి ముద్రలు చూసి, మూసేశాడు. పట్టుమని నిమిషం కూడా పట్టలేదు.

“ఇది డెడ్ అంకుల్,” అన్నాడు.

“ఎందుకట్ల?”

అప్పుడు అతను పాఠం మొదలుపెట్టాడు. మీరూ వినండి, రేపు అటక మీద ఏమైనా దొరికితే పనికొస్తుంది. హీరో ఉన్న సంచికలు వంద తెచ్చినా చిత్తుకాగితాల ధరేనట. విలన్ మొదటిసారి తొంగిచూసిన సంచికకే గిరాకీ. ఎందుకంటే ఆ రోజు వాడు ఇంతవాడవుతాడని ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి ఎవరూ దాచుకోలేదు. పైగా ఆ సంచిక వెనక అట్ట మీద కత్తిరించుకుని మొహానికి కట్టుకునే దొర ముసుగు వేశారు. పిల్లలంతా శ్రద్ధగా కత్తిరించి కట్టుకున్నారు.

“నాకు తెలిసి దీన్ని కలుపుకుని మూడే కాపీలున్నయ్ అంకుల్. మూడూ అంచులు కోసి బైండ్ చేసినవే, మూడిటికీ బ్యాక్ కవర్ లేదు. బ్యాక్ కవర్‌తో, ఒరిజినల్ పిన్నులతో, మార్జిన్ కట్ చేయకుండా, గమ్ అంటకుండా ఒక్కటి దొరికిందనుకోండి... ఇగ రేటు మామూలుగా ఉండదు.”

“పిన్నులు తుప్పు పట్టి ఉంటే బాబూ?”

“తుప్పు కూడా ఒరిజినలే ఉండాలె.”

“తుప్పుకు కూడా ధరనా!”

“రిపేర్ చేసినోడే అసలు విలన్ అంకుల్,” అని నవ్వాడు.

నేను నవ్వలేదు. నా గదిలో బరువు కింద, వెనక అట్టతో సహా, ముసుగుతో సహా, మైదా జిగురులో నానిన నాలుగో కాపీ ఉంది. తీసేసిన పిన్నులు ఆ పొద్దున్నే చెత్తబుట్టలోంచి పోయాయి.

ఇందులో వింత ఏమీ లేదనుకోండి. బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో ఏటేటా లక్షలు పలకడం చూసిన ఊరు మనది. అందులో చక్కెర ఎంతని ఎవరూ అడగరు. ఇక విలన్ సంగతా! మంచివాడికి శాలువా కప్పి పంపేస్తాం. చెడ్డవాడు మొదటిసారి ఎక్కడ కనిపించాడో మాత్రం తారీఖుతో సహా గుర్తుంచుకుంటాం. ‘ఫలానా నాయకుడు మొదటిసారి మా గల్లీలోనే బ్యానరు కట్టిండు, ఇంతోడైతడని తెలిస్తే గా బ్యానరు దాచిపెట్టుకుందును’ అని బాధపడేవాళ్లను మన కాలనీల్లో ఎంతమందినైనా చూపిస్తాను.

పోయే ముందు ఆ యువకుడు ఇంకోమాట చెప్పాడు. పాత బొమ్మల పుస్తకాల ప్రదర్శన పెడుతున్నారట. దొరకు ప్రత్యేకంగా పెద్ద బోర్డు, దానితో పాటు అచ్చు పుస్తకం.

“మరి బొమ్మ గీసినాయన ఎవరండీ?” అని మేడమ్ అడిగారు.

“ఎక్కడా పేరు లేదు మేడమ్. పత్రిక ఓనరే గీసిండని వాళ్ల మనవడు అంటున్నడు. ఆయన పేరే వేస్తున్నం.”

పెద్దాయన పదోరోజు వచ్చారు. నేను లేచి నిలబడి రెండు చేతులతో పుస్తకం అందించాను. ధర సంగతి ఎట్లా చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. ఆయన అట్ట చూసి తలూపారు. గబగబా కథ ఆఖరి పేజీకి వెళ్లారు. పేజీ అడుగున బొటనవేలు పెట్టి ఆ చివరినుంచి ఈ చివరికి నెమ్మదిగా జరిపారు. మళ్లీ జరిపారు.

“కింది అంచేది తమ్మీ?”

“కోసిన సార్. నీట్‌గ ఉంటదని.”

“ఈ మూలకు, ఆఖరు బొమ్మ గడి కింద, సంతకముండె,” అన్నారు.

“ఎవరి సంతకం సార్?”

“నాది.”

అప్పుడు చెప్పారు. పదకొండేళ్లుగా ఒక్కనాడూ చెప్పనిది. మగ్గం మీద కూర్చోక, బొమ్మల పిచ్చితో పట్నం వచ్చి, ఆ పత్రిక ప్రెస్సులో నెల జీతానికి చేరారట. గాజుకన్ను ఆయన ఊహే. శాలువా గళ్లు వాళ్లమ్మ నేసిన రుమాలువి. దొర మొదటిసారి వచ్చిన ఆ సంచికలో మాత్రం, బొమ్మ అచ్చుకు పోయే ముందు, చివరి గడి కింద మార్జిన్లో సంతకం పెట్టారు.

“ఓనరు చూసిండు. బొమ్మ పత్రికది, నడుమ నీ పేరేందిర అని అందరి ముంగట తిట్టిండు. మల్ల ఎన్నడూ పెట్టలే,” అన్నారు. “మొన్న గీడ పేపర్లనే చదివిన, వాళ్ల తాత గీసిండని మనవడు చెప్పుకుంటున్నడని. గందుకే దీన్ని జర గట్టి చేయించి, తీస్కపోయి చూపిద్దామనుకున్న.”

విలన్ మొదటిసారి వచ్చిన సంచిక అని ఆ యువకుడు ఒకటే అన్నాడు గానీ, అది గీసినాయన పేరు ఆఖరిసారి వచ్చిన సంచిక కూడా. ఓనరు ఆ పేరును పత్రికలోంచి తీసేస్తే, మిగిలిన ఒక్కదాన్ని నేను పైసా తీసుకోకుండా, ప్రేమతో, నునుపుగా కోసి పారేశాను. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గు లేకుండా ఆయన ముందే తుడుచుకున్నాను. ఆయన తిట్టనైనా తిట్టలేదు. పుస్తకం మూసి, వెన్ను మీద చెయ్యి పెట్టి, “కుట్టు మంచిగున్నది,” అన్నారు. నా ఉద్యోగ జీవితంలో అందుకున్న అన్నిటికన్నా కఠినమైన మెమో అది.

కోసిన కాగితపు పీలికలన్నీ మేం గోనెసంచిలో నింపేవాళ్లం. వారానికోసారి చిత్తుకాగితాల అతను పట్టుకుపోయేవాడు. ఆరా తీస్తే, వాటిని బాటసింగారం పండ్ల మార్కెట్లో పెట్టెల్లో కాయల కింద పరవడానికి అమ్ముతాడని తెలిసింది. మర్నాడు సెలవు పెట్టి పోయాను. మామిడిపళ్ల పెట్టెలు కొండల్లా పేర్చి ఉన్నాయి. ఒక్కో పెట్టె దగ్గర వంగి, కాయలు పక్కకు జరిపి, కాగితపు పీలికలు చదవసాగాను. మూడో వరుసలో ఒక కమీషన్ ఏజెంటు నా భుజం పట్టుకున్నాడు.

“ఏం వోయింది పెద్దమనిషీ? పాసుబుక్కా?”

“సంతకం.”

“ఎవ్వరిది? ఎమ్మార్వోదా?”

“బొమ్మలేసేటాయనది.”

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఎండదెబ్బ అనుకున్నట్టుంది, నీళ్లు తెప్పించాడు.

“కాయితం పరిచిన పెట్టెలు మొన్ననే నాగపూర్ లారీ ఎక్కినయ్. గీడ వెతికి లాభం లేదు. అన్ని కాయలు పిసికినవ్ గదా, ఒక పెట్టె కొనుక్కపో,” అన్నాడు.

కొనుక్కుని వచ్చాను. ఇంట్లో అందరూ పళ్లు తీయగా ఉన్నాయన్నారు. నేను ఒక్కటీ ముట్టుకోలేదు.

జరిగిందంతా మేడమ్‌కు చెప్పేశాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, “అడక్కుండా ఎందుకు కోశారండీ?” అన్నారు. ఆవిడే ఆ యువకుడికి ఫోను చేసి రమ్మన్నారు. అతను సోమవారం పొద్దున హడావుడిగా వచ్చాడు. మర్నాడే బోర్డులు అచ్చుకు వెళ్తున్నాయట. బైండింగు గదిలో నలుగురం కూర్చున్నాం.

ముందు అతనికి పుస్తకం చూపించాం. వెనక అట్ట మీద కత్తిరించని ముసుగు చూసి అతని మొహం వెలిగింది. అంచులు చూడగానే ఆరిపోయింది.

“ఎవరు చేసిన్రిది?”

“నేనే బాబూ.”

“మనిషివా అంకుల్ నువ్వు!” అన్నాడు. ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఎవరో ఒకరు అనాలనే అప్పటిదాకా ఎదురుచూస్తున్నాను.

పెద్దాయన మెల్లగా, “గీ బొమ్మలు నేను గీసిన బిడ్డా,” అన్నారు. సంతకం సంగతీ, కోత సంగతీ చెప్పారు. యువకుడు ఓపికగానే విన్నాడు. విని, బ్యాంకులో కౌంటరు వెనక కూర్చునేవాళ్లు అడిగినట్టు అడిగాడు.

“ప్రూఫ్ ఏమన్న ఉందా సార్?”

పెద్దాయన నా బల్ల మీది పెన్సిల్ తీసుకున్నారు. పుస్తకం మొదట్లో నేను చేర్చిన తెల్లకాగితం మీద పెన్సిల్ మోపబోయారు. యువకుడు గ్లౌజు చేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

“రాయొద్దు సార్! వ్యాల్యూ పోతది!”

“ఎవ్వని వ్యాల్యూ బిడ్డా?” అన్నారు పెద్దాయన.

ఆయన పుస్తకం పక్కకు జరిపి, ఒక చిత్తుకాగితం తీసుకుని ఏడెనిమిది గీతలు గీశారు. ముక్కు, మీసం, శాలువా మడత. చివరన ఒక్క సున్నా చుట్టి అందులో చుక్క పెట్టేసరికి, నా చిన్నప్పటి కిటికీలో ఉన్న కన్ను నన్ను చూసింది. యువకుడు కూడా కాగితం మీదికి వంగాడు. అయినా తేరుకుని, “సూపర్ సార్. కానీ ప్రాక్టీస్ చేస్తే ఎవరైనా గీస్తరు. అటు ఓనర్ ఫ్యామిలీ లెటర్ ఇచ్చింది. నేనేం చేయలేను,” అన్నాడు. నిజానికి అతనిదీ తప్పు కాదు. మన దేశంలో మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా కాగితం కావాల్సిందే.

“మన వాల్యూమ్ ఒకసారి తీయండి,” అన్నారు మేడమ్.

“అదీ నేనే కోసిన మేడమ్. చేరిన కొత్తల్ల.”

“తీయమన్నానుగా!”

తెచ్చాను. ఆఖరి పేజీ తిప్పాను. అనుకున్నట్టే అడుగు అంచు కోసేసి ఉంది. అయితే పేజీ కింది మూల లోపలికి మడిచి ఉంది. చదివినంతవరకు గుర్తుగా ఏ పిల్లాడో మడిచి ఉంటాడు. బైండరు చేతికి మడత కనిపిస్తే ఊరుకోదు, విప్పి సాపు చేశాను. విప్పిన మూల తక్కిన పేజీలను దాటి, వేలి వెడల్పున మూడు మూలల ముక్కగా బయటికి వచ్చింది. మడత లోపల ఉండటంతో దానికి కత్తి తగల్లేదు. ఆ ముక్క మీద, నల్లసిరాలో, అచ్చులో, ఒక పేరు.

కోసే ముందు ప్రతి మూలా విప్పి చూడాలన్నది మా పనిలో ఓనమాలు. అది మరిచినందుకు ఆ వాల్యూమ్ చూసి, నాకు పని నేర్పిన ఉస్తాద్ నా నెత్తిన మొట్టి, నువ్వు ఈ పనికి పనికిరావన్నాడు. ఆ మొట్టికాయ తర్వాత మళ్లీ ఒక్క మూల మరిచింది లేదు. నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన పని ఒక మనిషి పేరును తుడిచేసింది. ఒళ్లు తెలియకుండా చేసిన పని దాన్ని దాచిపెట్టింది. ఇక నా చేతిపని ఇనుమని మెచ్చుకున్న పై అధికారులను ఏమనాలో మీరే చెప్పండి.

యువకుడు భూతద్దం తీసి చాలాసేపు చూశాడు. పేరు చివరి అక్షరం తోక సాగి, మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలా ముగిసింది. దాని వెంట సన్నటి పోగు. “పేరైతే ఉంది,” అన్నాడు గొంతు తగ్గించి, “కానీ ఇది ఈ సార్ సంతకమే అని...”

మేడమ్ లేచి వెళ్లారు. తిరిగొచ్చి, మా గుమ్మం దగ్గర వచ్చినవాళ్లంతా సంతకాలు పెట్టే పాఠకుల రిజిస్టర్లు, దొంతర దొంతర అతని ముందు దభీమని పెట్టారు. దుమ్ము లేచి గ్లౌజుల మీద పడింది.

“చూస్కోండి బాబూ. ఏ సంవత్సరం కావాలో తీసుకోండి. పదకొండేళ్లు. ఆదివారాలు పోను, పండగలు పోను, రోజూ మొదటి సంతకం ఈయనదే. ప్రభుత్వ రికార్డు. ప్రతి పేజీకీ ముద్ర ఉంది. ఇంకా ఏ లెటరు కావాలి మీకు?”

అతను ఒకటి తెరిచాడు, ఇంకోటి తెరిచాడు. ప్రతి పేజీ మొదటి గీత మీద అదే పేరు, అదే నాడె, అదే పోగు. నేనూ చూశాను. నిజానికి అప్పుడే మొదటిసారి చూశాను. నెలనెలా ఆ రిజిస్టర్లకు అట్టలు వేసిందీ నేనే, అంచులు కోసిందీ నేనే. ఆ పత్రిక ఓనరు ఆయన్ను ఒక్కసారే సంతకం పెట్టనిచ్చాడు. మేం రోజూ పెట్టించుకున్నాం, ఒక్కరోజూ చదవలేదు. ఇద్దరిలో ఎవరం గాజుకన్ను వాళ్లమో ఆలోచించుకుని సిగ్గుపడ్డాను.

యువకుడు బయటికి వెళ్లి ఫోనులో గట్టిగా మాట్లాడాడు. “ఆ పేరు తీసేయ్ రా. ఓనర్ పేరు తీసేయ్. నేను పంపిస్తున్న పేరు వెయ్. హా, ఆయనే! బతికే ఉన్నడు!” ప్రదర్శన బోర్డు మీదా, అచ్చు పుస్తకంలోనూ పెద్దాయన పేరు పడింది. మీకు కావాలంటే అక్కడ చూసుకోండి. నా చేతికింద తన పేరు ఇంకోసారి పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు, ఆ భయంలో న్యాయం ఉంది.

ఫోను ముగించి లోపలికి వచ్చిన మనిషి ముందు వెళ్లినవాడు కాదు. గ్లౌజులు తీసేశాడు. పెద్దాయన కాళ్లకు దండం పెట్టాడు. నేను కోసిపెట్టిన పుస్తకాన్ని మళ్లీ జాగ్రత్తగా దగ్గరికి తీసుకుని, ఇందాక రాయనివ్వని తెల్లకాగితం తెరిచి, తన ఖరీదైన పెన్ను మూత తీసి ఆయన చేతికందించాడు.

“సార్, ఇక్కడ ఒక్క సైన్. ప్లీజ్. మీరు సైన్ చేస్తే దీని వ్యాల్యూ మళ్లీ లేస్తది. మామూలుగా కాదు!”

పెద్దాయన పెన్ను చూశారు, కాగితం చూశారు. పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, ఆ రోజు పేపర్ల కోసం బయటి హాలు వైపు నడిచారు.

“ఇయ్యాల్టి సంతకం పొద్దుగాల్నే పెట్టిన బిడ్డా,” అన్నారు. “రేపు రా.”